అడుగు పొర

మైనం దిమ్మ మీద నంబరు తప్ప పేరుండదు.
నాలుగు మైక్రాన్ల మందాన కోస్తాను.
గోరువెచ్చని నీళ్ల మీద ముక్క తేలుతుంది,
గాజుపలక ముంచి మెల్లగా ఎత్తుకుంటాను
పాల మీద మీగడ తీసినట్టు.
బ్లాంటైర్‌లో ఈ గదికి ఒకటే కిటికీ.
కరెంటు పోతే నీళ్లు చల్లారతాయి,
ముక్క ముడతలు పడుతుంది,
మళ్లీ మొదటికి.

ఎజెలీనా వచ్చి కౌంటరు ముందు నిలబడింది,
సలీమా సరస్సు ఒడ్డు నుంచి రెండు బస్సులు మారి.
నడుముకు చుట్టిన చితెంజే నిండా
ఎండిన ఉసిపా చేపల వాసన.
"పక్కకు పాకింది అన్నాడు డాక్టరు.
కాళ్లు లేనిది ఎట్లా పాకుతుంది?"

జవాబు చెప్పడం నా పని కాదు.
కోయడం, రంగు వేయడం, అంతే నా పని.
చెప్పాను.

మొదట అది తనంతట తాను బతకలేని పిసరు.
ఎన్నేళ్ల కిందటో, కంటికి కనపడని గీరులోంచి దూరి
నీ కణం వంటింట్లో కూర్చుంది.
చాలాకాలం చుట్టంలాగే ఉంది.
ఒకనాడు దాని పోగు పుటుక్కున తెగి
నీ పోగులో అతుక్కుంది.
తెగిన చోటే దాని కళ్లెం ఉండేది.
ఇక దాని బిడ్డలిద్దరికీ పట్టపగ్గాల్లేవు.
ఈ-సిక్స్, ఈ-సెవెన్
(పేర్లు కూడా సరిగ్గా పెట్టలేదు మేము).
ఒకటి, కాపలావాడి వీపున చావు చీటీ అంటించింది;
కణంలోని చెత్తబండి వచ్చి
చీటీ చూసి అతన్ని ఎత్తుకుపోయింది.
రెండోది గడియ పట్టుకుని వేలాడింది.
ఆ తలుపు మళ్లీ మూతపడలేదు.

"అది పెరగడం," అంది ఎజెలీనా.
"నేనడిగింది నడక."

నిజమే.
కణాలు చేతులు పట్టుకుని ఉంటాయి.
నత్త పేరు పెట్టిన ప్రోటీను ఒకటుంది,
అది లోపల కూర్చుని
ఇక చేతులు చేయొద్దంటుంది.
ఇటుకలా ఉన్న కణం సాగి, సన్నబడి, మొన తేలుతుంది.
కింద కొల్లాజెన్‌తో అల్లిన అడుగు పొర.
దాన్ని కొరికే ఎంజైములు ఉమ్ముతుంది.
అవతలి లసిక నాళాలకు ముందే కబురంపి ఉంటుంది,
ఇటువైపు మొలవండి అని.
తను పోయే దారిని మన ఖర్చుతోనే వేయించుకుంటుంది.
కాళ్లుండవు.
పట్టుకున్న చేయి వదలడమే దాని అడుగు.

ఆమె కాసేపు గోళ్ల కింది ఉప్పు చూసుకుంది.
"వల చిరిగితే మా ఆయన చేపను తిట్టడు.
ఏ కన్ను తెగిందో వేలితో తడుముతాడు.
నాది ఎక్కడ తెగింది? చూపించు."

రూలు ఒప్పుకోదు.
స్టూలు జరిపి, సూక్ష్మదర్శిని ఆమె ఎత్తుకు దించాను.
గోధుమరంగు గుంపులు,
నీలి మైదానంలోకి వేళ్లు చాపి.
చాలాసేపటికి అడిగింది:
"ఇందులో నేనెవరు?"
అంతా నువ్వే అన్నాను.
అదే కదా చిక్కు.

"ఉసిపా కూడా ఇట్లాగే,
ముందు ఒకటి తప్పుకుంటుంది."
ఇంకేం మాట్లాడలేదు.
బస్సుకి టైమైందని వెళ్లింది,
కౌంటరు మీద కాగితం పొట్లం వదిలి.

గురువారం ఇంకో దిమ్మ వచ్చింది.
చీటీలో అదే ఇంటిపేరు, అదే ఊరు.
చెల్లెలు నాసిలీనా, ముప్పై ఒకటి.
వెనిగరు పూస్తే తెల్లబడ్డ మచ్చ, అక్కడ గిల్లిన ముక్క.
తనకు తెలిసిన మర్నాడే
అక్క జబ్బ పట్టుకుని లాక్కొచ్చిందని నర్సు చెప్పింది,
వద్దని దారంతా ఏడ్చిందట.

మూడు లోతుల్లో కోశాను.
మొదటి పలక: గోధుమరంగు పైనుంచి దిగి,
దిగి,
గీత దగ్గర ఆగింది.
గీత మీద కణాలు భుజం భుజం ఆనించి,
ఒక్కటీ చేయి వదల్లేదు.
రెండో పలక: ఆగింది.

మూడోది ఇంకా ఆరుతోంది.